సీలున్న బండి

సారపాక ఇవతల అటవీ చెక్‌పోస్టు. గేటు ముందు రెండు సీట్ల పాత ఇంగ్లండు స్పోర్ట్స్ కారు. లోపల బొగ్గుబాయిలో రిటైరైన ఎల్లస్వామి, పక్కన భార్య పున్నమ్మ. బయట ఫారెస్టు గార్డు బిచ్యా.

"అద్దం దించు!"

"ఏంది సార్?"

"అద్దం! అద్దం దించు!"

"దిగదు సార్! నిన్ననే కొత్త సీలేయించిన! గట్టిగ పట్టుకున్నది!"

"తలుపు తియ్యి మరి... ఆ, ఇప్పుడు జెప్పు. ఎవరేసిండ్రు సీలు?"

"శివకుమార్ సార్. తల్లాడల."

"శివకుమారా? ఏ రేంజ్ ఆఫీసరు?"

"ఆఫీసరు కాదు సార్. సీట్లు కుట్టేటోడు."

"సీట్లు కుట్టేటోడు సర్కారు సీలేసిండా?"

"సర్కారుది కాదు సార్, రబ్బరు సీలు. అద్దం సుట్టూత ఉంటది. వాన సుక్క లోపలికి రాదు."

"గాలి సుత వస్తలేదు సారు. నేను ఉడికిపోతున్న."

"నువ్వాగు పున్నమ్మా. సార్, సీట్లు సూడుండ్రి, కింద కార్పెట్ సూడుండ్రి. నాలుగేండ్ల కష్టం. మా మేనేజర్ దొర షెడ్డుల ఇడిసిపెట్టి పోయిండు. నేను తెచ్చిన్నాడు దీంట్ల కోళ్లు పొదుగుతున్నయ్."

"అప్పుడే నయముండె. గుడ్లన్న దొరుకుతుండె."

"గవన్ని నాకెందుకుగని, స్టీరింగ్ కాడ గా చెక్కేంది?"

"డ్యాష్‌బోర్డు సార్."

"టేకు గదా?"

"ఇంగ్లండ్ బండి సార్ ఇది."

"ఇంగ్లండ్ల టేకు పెరుగుతదా? అడివిల తిరిగేటోన్ని, వాసన సూస్తె జెప్త. సీలేది?"

"జెప్పిన గద సార్, అద్దాలకు..."

"అద్దాలకు గాదయ్యా, చెక్కకు! మా ఆఫీసు సుత్తి ముద్ర! అది లేకుంటే దొంగ కర్రే. బండి సీజ్ జేస్త."

"సీజా? కాళ్లు మొక్కుత సార్! భద్రాచలంల పూజ జేయిద్దామని ఇయ్యాలనే బయటికి తీసిన. మీ యార్డుల పడేస్తే వానకు సీట్లన్ని కుళ్లిపోతయ్."

"వాన సుక్క లోపలికి రాదంటివి గద."

"అంటే... అన్న గని..."

"చెక్క యాడిది?"

"దొరికింది."

"అడివిలనా?"

"అడివిల గాదు సార్! ఇంట్లనే."

"మనింట్ల టేకు యాడిదయ్యా?"

"పున్నమ్మా, ఉడికిపోతున్ననంటివి. జర అట్ల నీడకు పోరాదు?"

"పోను. యాడిదో జెప్పు."

"అవ్, జల్దీ జెప్పు. కేసు రాయాల్నా?"

"వద్దు సార్, జెప్త, జెప్త. మంచానిది సార్. మా అత్త పున్నమ్మకు పెండ్లిల పెట్టిన పట్టెమంచం. దాని తలాపు పలక కోసిన."

"ఏందీ? నా మంచమా?"

"పాత మంచం సార్, మీ చెక్‌పోస్టు పుట్టకముందుది..."

"చెదలు తిన్నదంటివి! పొయ్యిల పెట్టిననంటివి! మా అమ్మ గుర్తు పాయెనని నేను కూడు తినక ఏడిస్తి! పక్కన కూసొని నువ్వు సుత ఏడిస్తివి గదయ్యా!"

"ఇంటికి పోయినంక ఎంతన్న తిట్టు. ఇప్పుడొక్క మాట సార్‌కు జెప్పు, నీ మంచమేనని. నువ్వు జెప్తే ఇడిసిపెడ్తడు. నీకు దండం పెడ్త పున్నమ్మా!"

"అమ్మా, నువ్వే జెప్పు. గీ చెక్క మీ మంచానిదేనా?"

"మా మంచాన్ని చెదలు తిన్నది సారు. గిదెవ్వలదో నాకెర్కలేదు."