ఎనిమిదంగుళాల దిమ్మె

పటాన్‌చెరు దగ్గర ఒక ఇనుప ఫౌండ్రీ, 1974. పొద్దున పగిలిన పోత దిమ్మె గురించి ఇంజనీరు త్రినాథరావు, తన గదిలో, అచ్చుల మేస్త్రీ కొమురయ్యతో.

“పెడతావా లేదా? వేడి మీద అచ్చు విప్పింది నేనేనని ఈ కాగితం కింద సంతకం పెట్టు!”

“పెట్ట సారూ. పెడితే రేపటికెల్లి గేటు బయటనే నేను.”

“దిమ్మె పగిలింది ఎవరి చేతుల్లోనయ్యా? నా చేతుల్లోనా?”

“ఇప్పింది నేనే. ఇప్పుమన్నది మీరు. వద్దు సారూ, ఇంక రెండు దినాలు ఇసుకలనే ఉండనియ్యుండ్రి అని మొత్తుకున్న. ఇన్నరా?”

“మొత్తం నాలుగు రోజులా! నాలుగంగుళాల దిమ్మె ఒక్క రోజులో చల్లారింది. ఎనిమిదంగుళాలకి రెండు రోజులు. చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు!”

“గట్ల కాదు సారూ...”

“ఏది కాదు? నువ్వా నాకు లెక్కలు చెప్పేది?”

“నాకేడి లెక్కలు! పదిహేనేండ్ల సంది ఇసుక మీద చెయ్యి పెట్టి సూస్తున్న. మందం రెండింతలైతే దినాలు నాలుగింతలైతయి. ఎందుకో నాకెర్క లేదు. అయితయి, అంతే.”

“అంతేనా? ఇలా రా. కళ్లు తెరుచుకుని చూడు! వేడి పాకడానికి ఒక గుణకం ఉంది. దాని కొలత, సెకనుకి ఇన్ని చదరపు అంగుళాలు. చదరపు! విన్నావా?”

“ఇన్న. జెర మెల్లగ...”

“అరుస్తాను! మనకి కావలసింది ఉత్త సెకన్లు. అంగుళాలన్నీ కొట్టుకుపోవాలి. మందాన్ని దీంతో భాగిస్తే... ఛ, కింద ఇంకో అంగుళం మిగిలిపోతోంది.”

“మిగిలితే ఏమైతది?”

“మిగలకూడదు! మందాన్ని మందంతోనే హెచ్చవేసి, అప్పుడు భాగిస్తే... ఆ, సెకన్లే. అంటే మందం రెండింతలైతే, రెండు రెళ్లు...”

“ఆగిన్రేంది? చెప్పుండ్రి.”

“నోర్ముయ్!”

“రెండు రెళ్లు ఎంత సారూ?”

“నాలుగు! అవునయ్యా, నాలుగు రోజులే! నాదే తప్పు! అయితే ఏంటి? నీ తప్పేనని మేనేజరుకి చెప్పేశాను. ఇప్పుడెళ్లి నా పరువు నేనే తీసుకోనా? ఇక్కడున్నది మనిద్దరమే. నేను అన్నదీ లేదు, నువ్వు విన్నదీ లేదు. పెట్టు సంతకం!”

“సారూ, మిషన్ల సప్పుడు ఇనొస్తున్నదా?”

“లేదు. ఎందుకాగాయి?”

“మీరు ఒర్రుతుంటే మా యూనియన్ లీడరు సత్తయ్య బంద్ పెట్టిచ్చిండు. షెడ్డు షెడ్డంత మీ తలుపు కాడ నిలవడి ఇంటున్నది.”