కండక్టర్ బాబాయి సూర్యుణ్ణి ఆపిన మూడు రోజులు

మర్నాడు పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా వీధి మొత్తానికి కరెంటు ఉండదని లైన్‌మన్ గుమ్మం గుమ్మానికీ చెప్పి వెళ్లాడు. పాత తీగలు పీకి కొత్తవి లాగుతారట. ఆరు గంటలంటే మిగతా వాళ్లకి ఉక్కపోత, విసుగు, అంతే. దర్జీకి మాత్రం వాళ్లమ్మ ఊపిరి. ఆవిడ మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఒకటి పగలనక రాత్రనక గుర్రుమంటూ ఉంటుంది. ముక్కు దగ్గర గొట్టం కాసేపు తీస్తే చాలు, ఆవిడ పెదాల రంగు మారిపోతుంది.

దర్జీ ఆస్పత్రికి కబురు పెడితే నర్సమ్మ మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఒక్క మంచం ఖాళీగా ఉంది, కావాలో వద్దో సాయంత్రం ఐదింటిలోగా చెప్పమంది. మా పక్కింట్లో సోలార్ ఉందమ్మా, వీలైతే అక్కడే ఉంచుతాను అన్నాడు దర్జీ. వాళ్లమ్మకి ఆస్పత్రి పేరెత్తితే చాలు, ముఖం గోడకేసి తిప్పేసుకుంటుంది. "పోయినసారి రెండు రోజులని తీసుకెళ్లి పదకొండు రోజులుంచావు. ఈసారి నన్ను మోసుకెళ్లాల్సిందే, నడిచి మాత్రం రాను" అంది. అసలావిడ నడిచి ఏడాది దాటింది.

నాలుగున్నరకి దర్జీ మెడలో టేపైనా తీయకుండా టీ కొట్టు దగ్గరికొచ్చాడు. కండక్టర్ బాబాయి అక్కడే ఉన్నాడు. ముప్పై ఏళ్లు బస్సులో టిక్కెట్లు కోసి రిటైరైన మనిషి, గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది, ఇక్కడ మాట్లాడితే చివరి సీటు దాకా వినిపిస్తుంది. రెండేళ్ల కిందట ఆ వీధిలో మొట్టమొదట మేడ మీద సోలార్ పలకలు పెట్టించింది ఆయనే. కరెంటు పోయినప్పుడు వీధంతా చీకటైనా ఆయనింట్లో లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి. ఇది ఆయన కోసే కోతల్లో ఒకటి కాదు, అందరూ కళ్లారా చూసిందే. "రేపు మీ అమ్మనీ ఆ మిషన్నీ మా హాల్లోకి తెచ్చెయ్, మంచం నేను వేయిస్తాను" అని పొద్దున తనంతట తనే అన్నాడు కూడా. మనసు మంచిదే. నోటి సంగతికే ఎవరూ పూచీ పడరు.

"బాబాయ్, రేపటి సంగతి..." అని దర్జీ అన్నాడో లేదో, ఆయన చెయ్యెత్తి ఆపేశాడు.

"రేపటి సంగతి తర్వాత. ముందు ఆ పలకలు ఎలాంటివో తెలియాలి కదా నీకు? నువ్వెప్పుడూ సగం విని లేచిపోతావు. రండి, ముందుకు జరగండి, మధ్యలో ఖాళీ ఉంచకండి!"

బల్ల మీద ఉన్నది ముగ్గురే. సెలూన్ అతనూ, దర్జీ, నీళ్ల ట్యాంకులు కడిగే ట్యాంకు తమ్ముడూ. ఈ తమ్ముడికి నలభై దాటాయి, అయినా ఊరందరికీ తమ్ముడే. పొయ్యి వెనకాల టీ కొట్టు అక్క. నలుగురూ ఉంటే బాబాయికి నిండు బస్సుతో సమానం.

"అసలు నేనడిగింది ఒక్క బల్బు. సూర్యుడి దయతో ఒక్క బల్బు వెలిగితే చాలురా అన్నాను. ఫిట్టర్లొచ్చారు, ఆరు పలకలు బిగించారు, కింద స్విచ్ వేశారు, వెలిగింది. ఇంతవరకూ ఎవరింట్లోనైనా జరిగేదే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వంటింట్లోంచి మీ పిన్ని కేక! పరిగెత్తాను. మిక్సీ తిరుగుతోంది. ప్లగ్గు చూస్తే గూట్లో ఉంది."

"ప్లగ్గు పెట్టకుండానే?" సెలూన్ అతను నోటి దాకా తెచ్చిన బిస్కెట్టు అక్కడే ఆపేశాడు.

"ప్లగ్గు దేనికిరా, కరెంటు గోడల్లోంచి చెమటలా కారుతుంటే! ఇస్త్రీపెట్టె అలమరలో ఉండగానే వేడెక్కి నా చొక్కాలన్నీ మడత మీదే ఇస్త్రీ అయిపోయాయి. పక్కింటి వాళ్ల తాత చెవి మిషన్‌లో బ్యాటరీ లేకుండానే పక్క వీధి మాటలు వినిపించాయి. ఆయనకి పాపం అప్పటిదాకా కోడలు మంచిదే."

అక్క ఫక్కున నవ్వింది. దర్జీకీ నవ్వొచ్చింది. బాబాయి మాటల్ని అతనెప్పుడూ కత్తిరించుకునే వింటాడు, ఆయన గజం చెబితే తను బెత్తెడు ఉంచుకుంటాడు. ఆ బెత్తెడు నిజమైతే చాలు, అమ్మకి ఆరు గంటలు గడిచిపోతాయి.

"బాబాయ్, నేను నిన్న మీ మేడ మీద..." అన్నాడు ట్యాంకు తమ్ముడు.

"ఆగవయ్యా, దిగాల్సిన స్టాపు వచ్చినప్పుడు నేనే చెబుతాను. ఎక్కడున్నాం? ఆఁ, మీటరు. మీటరు వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. వెనక్కంటే అలా ఇలా కాదు, సైకిలు చక్రంలాగా! ఆ ఊపుకి ఊరందరి మీటర్లూ వెనక్కి తిరిగాయి. మూడో రోజు కరెంటాఫీసు పెద్దాయన కారు దిగి, చెప్పులు బయట వదిలి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. 'కండక్టర్ గారూ, మీ దెబ్బకి డ్యాము గేట్లు మూసేశాం, బొగ్గు రైళ్లు స్టేషన్లలో నిలబడిపోయాయి, డ్రైవర్లు పట్టాల మీద కూర్చుని పేకాడుతున్నారు, కాస్త చూడండి' అన్నాడు. నేనేమన్నాను? 'బాబూ, రాబోయే కాలమంతా ఇంతే, ఇక బొగ్గు లేదు, పొగ లేదు, అలవాటు చేసుకోండి' అన్నాను. ఆయన ఏడ్చాడు."

"అంత పెద్దాయన ఏడ్చాడా!" సెలూన్ అతనికి నిజంగానే కళ్లు పెద్దవయ్యాయి. బాబాయి ఏది చెప్పినా నమ్మే మనిషి ఆ వీధిలో ఇతనొక్కడే, అందుకే ఇతనికి టీ ఎప్పుడూ బాబాయే తాగిస్తాడు.

"ఏడవక? అప్పుడే కదా పొగ వెనక్కి తిరిగింది! ఊరి చివర ఫ్యాక్టరీ గొట్టం చూశారుగా, అందులోంచి పైకి పోయిన పొగ, ఏళ్ల తరబడి పోయిన పొగంతా, మబ్బుల్లోంచి దిగి వచ్చి మళ్లీ ఆ గొట్టంలోకి దూరింది. వరసలో వచ్చింది, తోసుకోకుండా. చెత్తకుప్పలో ప్లాస్టిక్ సంచులన్నీ కరిగి నూనెగా మారి భూమిలోకి ఇంకిపోయాయి, ఎక్కడి నుంచి తీశారో అక్కడికి. ఎండిపోయిన బోరులో నీళ్లు పైకొచ్చి, ఎంతమందికి కావాలి అని అడిగాయి."

"నీళ్లు అడిగాయా అన్నయ్యా?" అంది అక్క. గరిటె ఆగిపోయింది. గిన్నెలో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

"అడగవా మరి! అసలు గొడవ ఇంకా ముందుంది. వాయిదా వేద్దామా, చెప్పమంటారా?"

"చెప్పండి, చెప్పండి!"

"నాలుగో రోజు ఫోన్. దేశం కాని దేశం నుంచి. 'అయ్యా, మాకిక్కడ తెల్లవారడం లేదు, మీ పలకలు మరీ గట్టిగా లాగుతున్నాయి, సూర్యుడు మీ వైపు ఒరిగిపోయాడు' అంటున్నారు. మేడెక్కి చూద్దును కదా, నిజమే! నడినెత్తిన నిలబడిపోయాడు. కదలడు. మూడు రోజులు, ఒకే మధ్యాహ్నం. పక్షులకి గూళ్లకెళ్లే వేళ తెలియదు. పిల్లలకి బడి వదలలేదు, మాస్టార్లే ఏడ్చారు. మీ పిన్ని మధ్యాహ్నం భోజనం తొమ్మిదిసార్లు వండింది. ఇక లాభం లేదని పాత పెట్టెలోంచి నా విజిల్ తీశాను. మేడ మీద నిలబడి, ఆకాశం కేసి చూసి, ఒక్క ఊదు ఊది, 'రైట్, రైట్!' అన్నాను. కదిలాడు! ముప్పై ఏళ్లలో ఏ డ్రైవరూ నా మాటకి అంత మర్యాదగా కదల్లేదు."

సెలూన్ అతను ఆకాశంలోకి చూశాడు, సూర్యుడు ఇంకా కదులుతూనే ఉన్నాడో లేదోనని. అక్క పొంగిన పాల సంగతి మర్చిపోయి బుగ్గ మీద చెయ్యేసుకుంది. దర్జీ మాత్రం గోడ గడియారం చూశాడు. ఐదుకి పది నిమిషాలు తక్కువ.

"బాబాయ్, నవ్వులాట చాలు. ఒక్క మాట నిజం చెప్పండి. రేపు ఆరు గంటలు, ఆగకుండా, అమ్మ మిషన్ని మీ పలకలు నడుపుతాయా?"

"ఆరు గంటలా? అరవై ఏళ్లు నడుపుతాయిరా! మీ అమ్మ లేచి నిన్ను బడికి పంపిస్తుంది."

"నిజంగా?"

బాబాయి ముఖంలో కోతలు కోసే కళ పోయింది. దర్జీ భుజం మీద చెయ్యేశాడు. "ఒట్టు. రెండేళ్లలో మా ఇంట్లో ఒక్కసారైనా దీపం ఆరిందా? నువ్వే చెప్పు. తీసుకొచ్చెయ్ అమ్మని."

దర్జీకి గుండె మీద నుంచి బరువు దించినట్టనిపించింది. మంచం వద్దని చెబుదామని నర్సమ్మకి ఫోన్ కలిపాడు. అవతల మోగుతోంది. అప్పుడు ట్యాంకు తమ్ముడు లేచి, తడి చేత్తోనే ఆ ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

"ఏంటయ్యా ఇది!" దర్జీ అరిచాడు.

"ఒక్క నిమిషం అన్నా. బాబాయ్, ఇందాకట్నుంచి అడుగుదామంటే మీరు సందివ్వలేదు. నిన్న ట్యాంకు కడగడానికి మీ మేడెక్కాను. ఆ ఆరు పలకలకీ అట్టలున్నాయి, అట్టల మీద ప్లాస్టిక్ కవర్లున్నాయి, చుట్టూ టేపు వేసి ఉంది. అవి ఎప్పుడు విప్పుతారు?"

బాబాయి అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"విప్పడమేంటి? కొత్త వస్తువులు! ఎండకి పాడైపోవూ? ఫిట్టర్లు ఎడాపెడా విప్పి పారేస్తే, వాళ్లు మెట్లు దిగగానే నేనే మళ్లీ తొడిగాను. మా టీవీ రిమోట్‌కి తొమ్మిదేళ్లుగా కవరుంది, ఒక్క గీత పడలేదు. ఫ్రిజ్ తలుపుకుంది, సోఫాకుంది. అలాంటిది ఇంత సున్నితమైన సామాను ఎండలో వదిలేస్తానా?"

సెలూన్ అతను చివరికి బిస్కెట్టు నోట్లో పెట్టుకోబోయి జారవిడిచాడు.

"రెండేళ్లుగానా?" అంది అక్క.

"రెండేళ్లుగా. వానాకాలం ముందు టేపు కూడా మారుస్తాను."

"మరి లైట్లు?" దర్జీ అడిగాడు.

"పలకలతో పాటు బిగించిన బ్యాటరీ కింద ఉంది కదన్నా," అన్నాడు ట్యాంకు తమ్ముడు. "మా పంపు షెడ్డులోనూ అలాంటిదే. ఎండ అందకపోతే వీధి కరెంటుతోనే నిండుతుంది. కరెంటు పోతే ఆ నిండినదాంతో గంటో, గంటన్నరో. మన వీధిలో ఎప్పుడూ గంటకి మించి పోలేదు, అందుకే ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు కవర్లు విప్పినా, రెండేళ్లు మూసి ఉన్న పలకలు ఏమాత్రం పనిచేస్తాయో ఫిట్టర్ చూస్తే గానీ తెలియదు. రేపు తొమ్మిదింటికి పోతే..."

అతను పూర్తి చేయలేదు. చేయనక్కర్లేదు. పదిన్నర. పరాయి వాళ్ల హాల్లో, మంచం మీద అమ్మ, ఆగిపోయిన మిషన్. అప్పుడు ఏ ఆస్పత్రి, ఏ మంచం? ఒక్క క్షణం ముందు నర్సమ్మ ఫోన్ ఎత్తి ఉంటే! దర్జీకి కోపం తన్నుకొచ్చింది.

"పొగ వెనక్కి వచ్చిందన్నా విన్నాను, సూర్యుణ్ణి ఆపానన్నా విన్నాను. ఇది మా అమ్మ ఊపిరి బాబాయ్! ఒట్టేశారు!"

బాబాయి నోరు తెరిచాడు. ఏదో ఒకటి వస్తుందని అందరూ చూశారు, ఎప్పుడూ వస్తుంది కాబట్టి. రాలేదు. ఆయన మెల్లగా బల్ల మీద కూర్చున్నాడు. ఆయన ముఖం చూస్తే అక్కకి భయమేసి నీళ్లిచ్చింది.

"నేను అబద్ధం చెప్పలేదురా," అన్నాడు, అంత చిన్న గొంతు ఆయనకుందని ఎవరికీ తెలియదు. "ఆ ఒక్కటీ నిజమనే అనుకున్నాను. పదిన్నరకి మీ అమ్మ నా కళ్ల ముందే... మా ఇంట్లో..." నీళ్లు తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

దర్జీకి ఆయన్ని తిట్టాలని ఉంది, కానీ టైము లేదు. గడియారంలో ఐదుకి రెండు నిమిషాలుంది. మళ్లీ ఫోన్ కలిపాడు. ఈసారి వెంటనే ఎత్తారు.

"మంచం ఉంచండమ్మా. పొద్దున్నే తీసుకొస్తాను. అవును, మోసుకునే తెస్తాను."

"మీ పక్కింట్లో సోలార్ ఉందన్నారుగా," అంది నర్సమ్మ. "ఏమైంది, పలకలు పాడయ్యాయా?"

దర్జీ బాబాయి కేసి చూశాడు.

"లేదమ్మా, కొత్తగా ఉన్నాయి," అన్నాడు. "ఇంకా కవర్లు విప్పలేదు."