ల్యాబులో తొలి తెలుగు మాట

విజయవాడ, 2003. పీజీ సెంటర్ కంప్యూటర్ ల్యాబు గుమ్మంలో తెలుగు లెక్చరర్‌ని ల్యాబ్ ఇన్‌చార్జి ఆపేశాడు.

"మేడమ్, మీరడిగిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చేసింది!"

"నిజంగానా? మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నానండీ! తెలుగు ఎమ్మే వాళ్లకి కంప్యూటరెందుకని నవ్వారు మీరు."

"నవ్వానండీ, తప్పే. ముప్పై సిస్టమ్స్‌లోనూ ఎక్కించేశాను."

"అయితే మా పిల్లలకి డీటీపీ నేర్పొచ్చు! ఉద్యోగాలొస్తాయండీ వాళ్లకి!"

"ఇవాళే మొదలెట్టండి. ముందిది చూడండి."

"ఇదేంటి, స్క్రీనంతా 'కుల్సు, కుల్సు' అని?"

"మా పాపండీ! నిన్ననే పేరు పెట్టుకున్నాం. గంటసేపు కుస్తీ పట్టి కొట్టాను."

"అయ్యో, కుల్సుం కదూ? సున్న ఎగిరిపోయింది!"

"అది ఏ కీలో ఉందో దొరకలేదండీ."

"జరగండి, నేను పెడతాను. ఈ ల్యాబులో తొలి తెలుగు మాట తప్పుల్లేకుండా ఉండాలి."