ఫుగడి పాటలో పేరు

మలయాకు స్వాతంత్ర్యం, మెర్దేకా, రేపనగా మధ్యాహ్నం. బటాంగ్ బెర్జుంటై దగ్గరి రబ్బరు తోటలో గుమాస్తా దొరసామిని అందరూ కిరాణి బాబు అంటారు. చెట్లు గీసే లెచ్చుమిని ఆయన తన ఇంటి మెట్ల దగ్గరికి పిలిపించాడు. ఆయన భార్య జయమణి గడప లోపల బియ్యం చెరుగుతోంది.

"గెంతులు వద్దన్నాను కదే. వద్దంటే వద్దు."

"గెంతులు కావు కిరాణి బాబూ, ఫుగడి. ఇద్దరాడోళ్ళు సేతులు పెనేసి పట్టుకుని, ఎనక్కి వాలి గిర్రున తిరగడం."

"ఏదో ఒకటి. మన తెలుగువాళ్ళ ఆటా అది?"

"మరాఠీ ఓలది. బ్రిక్‌ఫీల్డ్స్ రైలు కూలీల లైన్ ఇళ్ళలో మా పక్కింటి అనసూయబాయి నేర్పింది. పెళ్ళై ఇక్కడికొచ్చినాక ఈ తోట ఆడోళ్ళకి నాను నేర్పినాను. ముళ్ళకంచె ఏసినాక మీరే ఆపించినారు."

"నేను కాదు, అడవిలో కమ్యూనిస్టుల మీద సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ. నలుగురు గుమిగూడితే—"

"రేపు మెర్దేకా గదా?"

"మెర్దేకా రేపు. ఎమర్జెన్సీ ఇంకా పోలేదు."

"అయితే మెర్దేకా ఎవులికి బాబూ? కంచెకా?"

"నోరు తగ్గించు. రేపు జెండా దగ్గర తోట తెల్లదొరగారు నిలబడతారు, పెద్దవాళ్ళు వస్తారు. వాళ్ళ ముందు నువ్వు... ఆ పాటలో పేర్లు పెట్టి పాడతారట?"

"పెడతాం. పేరు నేకపోతే ఫుగడే కాదు."

"ఎవరి పేర్లు?"

"బయ్యమేటి బాబూ?"

"నాకెందుకు భయం? లైన్ ఇళ్ళలో ఏదో అనుకుంటున్నారట, నీ మొగుణ్ణి నేనే పట్టించానని. నువ్వు చూశావా?"

"అది నాను సూడ్నేదు. సూసింది ఏటంటే, నా మొగుడు పనిలోకి సద్దన్నం మూట కట్టుకెళ్ళినాడు. కంచె దాటి తిండి పట్టుకెళ్ళకూడదన్నారు, తెలుసు. ఆకలి ఆగనేదు. అడివిలో కమ్యూనిస్టులకని ఎవులో సెప్పినారు. లారీ ఎక్కించినారు, జైల్లో ఎట్టినారు, ఓడెక్కించి ఇండియా తోలీసినారు. ఆడు పుట్టింది ఈ తోటలోనే. ఆ దేశంలో ఆడికెవులున్నారు?"

"అదంతా పోలీసుల పని. నా పేరు పాటలో వచ్చిందా, నిన్నూ లారీ ఎక్కిస్తాను."

"ఎక్కించండి. లారీలో కూడా పాడతాను. అయినా మీ పేరు నాను పాడను."

"పాడవూ?"

"పాడకూడదు. ఫుగడిలో ఏ ఆడదైనా తన పెనిమిటి పేరే పాడాల. ఆడు ఎలాటోడో, ఏటి సేసినాడో, పదం కట్టి అందరి ముందూ అనాల. నాను పైడయ్య పేరు పాడతాను. దొర ముందే. గొంతెత్తి."

"మొగుడి పేరు నోటితో అంటావా! సిగ్గు లేదూ?"

"మడిసిని సముద్రం దాటించీసినారు. పేరు కూడా మింగీమంటారేటి?"

"సరే, సరే. నీ మొగుడి పేరే కదా. ఇంకెవరి పేరూ పాడవు కదా?"

"నాను పాడను."

"ఒట్టు?"

"ఒట్టు."

"ఆ మాట ముందే ఏడవొచ్చుగా! తిరుగు పో, కళ్ళు తిరిగి పడేదాకా తిరుగు. జయమణీ, కాస్త కాఫీ పట్రా... ఏంటి, చేట పట్టుకుని అక్కడ నిలబడ్డావ్?"

"లెచ్చుమీ, రేపు నీకు జోడీ ఎవరే?"

"ఎవులూ నేరు అమ్మగారూ. బయపడతన్నారు."

"నా చేతులు పట్టుకుంటావా?"

"జయమణీ! లోపలికి పో!"

"మీకెందుకండీ కంగారు? నేనూ నా మొగుడి పేరే పాడతాను. ఆయనేం చేశారో కూడా. పోలీసు జీపు దిగొచ్చి, ఇదే అరుగు మీద కూర్చుని, నాతో చెప్పింది చెప్పినట్టు."