ఫోను పట్టుకున్న చెయ్యి

వొద్దమ్మా జూడీ, ఆ ఆన్‌లైన్ ఫిజియోథెరపీ మాట నా దగ్గర ఎత్తకు. ఈ రుఆబాంధా కాలనీలో అడిగినోళ్ళకీ అడగనోళ్ళకీ చెప్పాను, నీకు మళ్ళీ చెప్పాలేటి? ఫోన్లో చూసి మోకాళ్ళు బాగుచేసీస్తారట! ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?

కూర్చో. అలగ గుమ్మంలో నిలబడిపోతావేటి?

మీ అంకుల్ సుపేలా బజార్లో స్కూటర్ మీంచి పడిపోనారు కదా. ఆటోవాడు చూసుకోకుండా అడ్డంగా తిప్పీసాడు. మోకాలిచిప్ప రెండు ముక్కలు. ఆపరేషన్ బాగానే చేసారు, అబద్ధమెందుకు? పాట్లన్నీ తరవాతే. రోజూ కాలు వంచాలి, లేకపోతే బిగుసుకుపోద్దన్నారు. ఆస్పత్రికెళ్ళాలంటే మూడో అంతస్తు నించి కుర్చీలో దించాలి. రోజూ నలుగురు మనుషుల్ని ఎవర్ని అడుగుతాం? మా అమ్మాయి రోహిణి రాయ్‌పూర్ నించి ఈ ఆన్‌లైన్ కుదిర్చింది. విశాఖపట్నం పిల్ల, కల్యాణి. తెలుగులో మాటాడుతాదని ఆయనా సరే అన్నారు.

అబ్బో, ఏం మాట్లాడీదో! "అమ్మగారూ, నాకు అక్కడ చేతుల్లేవు. మీ చేతులే నా చేతులు" అనీది. కాలు మంచం మీంచి వేలాడదియ్యాలి. నేను కిందన కూర్చుని పాదం వెనక్కి నొక్కాలి. ఆఖర్న ఫోను సరిగ్గా మోకాలి పక్కన పట్టుకుని చూపించాలి. ఆ పిల్ల స్క్రీన్ మీద గీత గీసి, ఎన్ని డిగ్రీలు వంగిందో చెప్తాది.

డెబ్బై అన్నాది. డెబ్బై అయిదన్నాది. ఎనభై! ఎనభై అన్న రోజు మీ అంకుల్ సుభాష్ భయ్యాకి ఫోన్ చేసి, "భాయ్, అస్సీ హో గయా" అని అరుపులు. వాళ్ళిద్దరూ స్టీలు ప్లాంటులో ఒకే షాపులో పని కదా. క్రేన్ కేబిన్‌కి ఇనప నిచ్చెన ఎక్కాలంటే కాలు నూట పది వంగాలట. అది వంగకపోతే మెడికల్ బోర్డు క్రేన్ ఇవ్వదు. ముప్పయ్యేళ్ళు ఆ కేబిన్లో కూర్చున్న మనిషికి అంతకంటే ఏటి కావాలి చెప్పు?

ఎనభై ఎనిమిదయ్యాక ఆ పిల్ల, "ఇంక వంచడం దారిలో పడింది, మిగతాది నడుస్తుంటే అదే వస్తాది, బలం కోసం చేద్దాం" అని వేరే కసరత్తులు మొదలెట్టింది. మొత్తం నెలన్నర తిరిగీసరికి బోర్డు దగ్గరికెళ్ళాం. డాక్టరు కోణం కొలిచీ స్కేలు మోకాలికి ఆనించి చూసాడు.

అరవై అయిదు.

"స్కేలు ఖరాబైంది, మళ్ళీ చూడండి సాబ్" అన్నారు ఈయన. మళ్ళీ చూసాడు. అంతే. ఇంక లోపల అతుక్కుపోయింది, ఆలస్యమైపోయిందన్నాడు. క్రేన్ పోనాది. ఇప్పుడు షిఫ్ట్ ఆఫీసులో కుర్చీ, హాజరు రిజిస్టరూ. తన క్రేన్ వేరేవాళ్ళు తోలుతుంటే కింద నించి తలెత్తి చూస్తా నిలబడిపోతారట. సుభాష్ భయ్యాయే చెప్పారు, నాకు ఏడుపాగలేదు.

ఆరోజు ఇంటికొచ్చి కల్యాణికి ఫోన్ చేసి తిట్టారు చూడు, అలగ ఎవర్నీ తిట్టగా నేను వినలేదు. ఆ పిల్ల ఏడ్చీసింది. కంపెనీకి కూడా ఫిర్యాదు పెట్టారు. ఆమెని పనిలోంచి తీసీసారట.

అందుకే వొద్దంటున్నాను. మీ నాన్నగారికి మోకాలు మార్పించి ఎన్నాళ్ళైంది? మూడు వారాలా? మరి ఏటి చేయిస్తున్నారు?

ఏటీ చేయించట్లేదా?

ఎందుకు? ఆన్‌లైన్ అంతా మాటాడుకుని, నేను వొద్దన్నానని మానీసారా? నా మాట మీదా?

అయ్యో. జార్జి అన్నయ్య అలగే మంచం మీద ఉన్నారా మూడు వారాల నించి? కాలు చాపుకునే?

ఉండమ్మా. కాస్త మంచినీళ్ళు తాగనీ.

తలుపు దగ్గరగా వెయ్యి.

జూడీ, ఆయన అరుపు నువ్వు వినలేదు. నేను పాదం నొక్కితే, "రత్నం, వొద్దే, చంపీకే" అనీవారు. పెళ్ళైన ముప్పయ్యేళ్ళలో నన్ను దేనికీ బతిమాలని మనిషి. నా చేతులాడీవి కావు. నొక్కినట్టు పట్టుకుని ఊరుకునీదాన్ని. కల్యాణి అక్కడ నించి "ఇంకొంచెం అమ్మగారూ, ఇంకొంచెం" అంటా ఉండీది. నేను పళ్ళు బిగించి మొహం పెట్టీదాన్ని. చెయ్యి మాత్రం కదిలీది కాదు.

ఒకరోజు పాలవాడు బెల్లు కొట్టాడు. అటు తిరిగీసరికి చేతిలో ఫోను కాస్త ముందువైపుకి జరిగింది. "అరే, ఈరోజు డెబ్బై అయిదుందండీ!" అని ఆ పిల్ల ఒకటే సంబరం. ఆయన మొహం చూడాల్సింది. దెబ్బ తగిలాక నవ్వడం అదే మొదలు.

మర్నాడు నేనే జరిపాను.

అవును. తెలిసే జరిపాను. మోకాలి పక్క నించి కాకుండా కొంచెం ముందు నించి చూపిస్తే కాలు బాగా మడిచినట్టు కనిపిస్తాది. రోజుకి ఇంత, రోజుకి ఇంత. ఎనభై ఎనిమిది నా చెయ్యే, కాలు కాదు. రేపు నిజంగా నొక్కుదాం, రేపు నొక్కుదాం అనుకుంటానే నెలన్నర గడిచిపోయింది.

ఆయన తిడుతుంటే ఆ పిల్ల ఏటన్నాదో తెలుసా? "అమ్మగార్ని అడగండి సార్, ఆవిడే కదా చూపించారు" అన్నాది. ఆయన నా వైపు చూసారు. నేను, "నాకేటి తెలుసు, పట్టుకోమన్నట్టు పట్టుకున్నాను" అన్నాను. అలగే అన్నాను.

అలా చూడకు తల్లీ.

ఆయనకి చెప్పమంటావా? తిట్టుకోడానికి ఆయనకి ఆ కల్యాణి ఒక్కతే మిగిలింది, అదీ తీసీమంటావా?

కాదులే. అదీ సాకే. చెప్తే నన్ను చూసే చూపుకి భయం. అంతే.

నువ్వు ఈరోజే ఆన్‌లైన్ పెట్టించు. ఆ పిల్ల మంచిది, పనొచ్చిన పిల్ల, ఎక్కడుందో దొరికితే ఆమెనే పెట్టుకో. దొరకకపోతే ఇంకొకరు. కాని ఫోను నువ్వు పట్టుకోకు. కాలూ నువ్వు పట్టుకోకు. మీ నాన్న అరుపుకి చెయ్యి వణకని మనిషెవరైనా ఉంటే పిలుచుకో, డబ్బిచ్చయినా పిలుచుకో. నువ్వు పక్కగదిలో కూర్చుని చెవులు మూసుకో.

ష్! ఆయనే. విన్నావా చప్పుడు? మెట్టుకి రెండు కాళ్ళూ పెడితేగాని ఎక్కలేరు. ఇంకా రెండో అంతస్తులోనే ఉన్నారు.

కళ్ళు తుడుచుకో. టీ పెడతాను, తాగి వెళ్ళు. ఆయనడిగితే, ఆంటీ ఆన్‌లైన్ వొద్దన్నారనే చెప్పు.