వేలంలో పాడిన మడత చాకు

అది కాదండీ పాస్టరుగారూ, మడత చాకన్నాక తెరిస్తే తెరుచుకునుండాలి, మూస్తే మూసుకునుండాలి. అంతకంటే ఏమన్నా అడిగేనాండీ నేను? బళ్లో నా బదులు పాఠాలు చెప్పమన్నానా?

ఆయ్, కూర్చుంటానండి. కాఫీ వద్దండి.

మొదటిది అంతర్వేది తీర్థంలో కొన్నాను. నవ్వకండి! సంఘపెద్దకి తీర్థంలో ఏం పనంటారు, చాకులు అమ్మేది అక్కడేగదండీ! జర్మనీ ఉక్కన్నాడు. పనసకాయ మీద పెట్టగానే మొన విరిగి కాయలో ఉండిపోయింది. ఆ పూట ఇంటిల్లిపాదీ ముద్దముద్దకీ తడుముకుంటూ తిన్నాం.

రెండోది రాజమండ్రి స్టేషన్లో. మూసింతర్వాత మళ్లీ తెరుచుకుంటే ఒట్టు. నా గోరు ఊడింది గానీ అది ఊడలేదు. ఇప్పుడు బళ్లో కాగితాలు ఎగిరిపోకుండా దాన్నే పెడుతున్నాను.

మూడోదుందే, అమలాపురం బజార్లో ముచ్చటపడి కొన్నది, పిడి మీద చేపబొమ్మ, అదండీ అసలు దొంగ. బ్రహ్మాండంగా తెరుచుకునేది. కోత సగంలో ఉండగా దానంతటదే మడతపడి వేలి మీదికొచ్చేసేది. ఇదిగో మచ్చలు, చూడండి. ఇది ఇన్‌స్పెక్టరుగారు బడికొచ్చిన రోజుది. మామిడిపండు కోసి పెడితే, ముక్కలు ఎర్రగా ఉన్నాయని, ఇదేం రకం మామిడండీ అనడిగేరు!

దాన్నేం చేశానంటారా? అక్కడికే వస్తున్నానండి.

మా బావమరిది పాపారావు వేలు చూసొచ్చేరుగా? అయిదు కుట్లు. చెరుకుముక్క చెక్కుతుంటే చాకు మడతపడిపోయిందట. హార్మోనియం వాయించే చెయ్యండీ! క్రిస్మస్ ఇంకా మూడు వారాలైనా లేదు.

కోతపండక్కి గుళ్లో పెట్టిన కానుకల వేలంలో ఆ చాకు పాడుకున్నది వాడే. పాడించింది నేనే. గుమ్మడికాయలూ, కోళ్లూ, అరటిగెలలూ అన్నీ పొగిడి పాట పెంచడం నా పనేగదండీ. చాకు పైకెత్తి, 'దేవుడి సొత్తు, తెరిచేరంటే ఇంక కదలదు' అన్నాను. బావ మాటని నమ్మేడండి, వెర్రిబాగులోడు.

ఇప్పుడేమో పెద్దలంతా కాంతమ్మగారి మీద పడ్డారు. ఆవిడ పెట్టిన గుమ్మడికాయ పక్కనే చాకు ఉంది కాబట్టి అదీ ఆవిడదేనట! పనికిరానిది దేవుడికిచ్చిందట! రేపు ఆరాధనలో అందరిముందూ నిలబెట్టి అడుగుతారట. ఒంటిమనిషండి. నిన్న మా అరుగు మీద కూర్చుని, 'మీరన్నా చెప్పండి ఇస్సాకు మాస్టారూ' అని ఒకటే ఏడుపు.

నేనేమన్నానో తెలుసాండీ? 'అన్నీ దేవుడు చూస్తాడమ్మా' అన్నాను. సిగ్గులేదూ నాకు?

ఆయ్. అదేనండి. మీరనుకున్నదే.

చేపబొమ్మ చాకండి. కొత్త రుమాల్లో చుట్టి, గుళ్లో ఎవరూ లేకుండా చూసి కానుకల్లో పెట్టేసేను. పారెయ్యడానికి మనసొప్పలేదు, ఇంట్లో ఉంచుకోడానికి ధైర్యం లేదు. దేవుడికైతే వేళ్లు తెగవు గదా అనుకున్నాను! పొరుగూరోడెవడో పాడుకుపోతాడనుకుంటే మావాడు చెయ్యెత్తేడు. అప్పుడన్నా నోరు తెరవాలి గదండీ? తెరిచేను. పాట పెంచడానికి!

రేపు నేనే లేచి చెప్పాలంటారా? ఆయ్, చెబుతానండి.

వద్దులెండి. మొదటి కీర్తన ఎత్తుకోకముందే మీరే నా పేరు చెప్పెయ్యండి. మీ ముందు తెరుచుకున్నాను గానీ, అక్కడ కాంతమ్మగారు నావైపు చూస్తుంటే సగంలోనే మడతపడిపోతానండి. నా సంగతి నాకు తెలుసు.