పటంలో లేని సందు

పందొమ్మిది వందల తొంభై ఒకటి, జూన్ మూడవ తేదీ ఉదయం, పురపాలక కార్యాలయ ప్రణాళికా విభాగంలో పటాలు గీసే ట్రేసరుగా నియామకపత్రం చేతబుచ్చుకుని వచ్చిన యువతికి నాటి ప్రధాన గుమాస్తా కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. ఇంటి ప్లాన్లు చుట్టలుగా చంకన పెట్టుకుని వరండాలో నిలబడ్డ జనాన్ని చూసి, "వీళ్లంతా ఎప్పట్నుంచి నిలబడ్డారండీ?" అని అడిగారు. ఆనాటి ట్రేసరు, నేటి మా ముఖ్య ప్రణాళికాధికారిణి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో, వారి ఉద్యోగ ప్రస్థానాన్ని సహోద్యోగులకూ కుటుంబ సభ్యులకూ సవినయంగా సమర్పిస్తున్నాం.

అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేలోగా మరో గదిలో తేలే వారిని, వెనకాల అందరూ 'కాలుగాలిన మేడమ్' అనేవారు. అది వారికి తెలుసు, తెలిసీ నవ్వేవారు. ఊరంతా ఒక్క కాగితం మీద పట్టదు గనుక ఆ రోజుల్లో పటాన్ని షీట్లుగా విభజించి తలా ఒకటి గీసేవారు. రెండు షీట్ల అంచున పడిన వీధిని ఒకరు గీస్తే, రెండోవారు 'పక్క షీటు చూడుము' అని రాసి ఊరుకోవడం ఆనవాయితీ. పటాలు గీసే ఆ బల్లల దగ్గరే మేడమ్ ఊరిని వీధివీధినా నేర్చుకున్నారు.

పదోన్నతిపై సహాయ ప్రణాళికాధికారిణి అయిన ఏడాదే విభాగానికి తొలి కంప్యూటరు వచ్చింది. దానికి గుడ్డ కప్పి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లేవాళ్లం. "దణ్ణం పెట్టుకోవడానికా దీన్ని తెచ్చుకున్నాం?" అంటూ ఆ గుడ్డ లాగిపడేసింది వారే. పన్నుల లెక్కలు ఒకచోట, మంచినీటి గొట్టాల వివరాలు ఒకచోట, రోడ్ల వెడల్పులు మరోచోట మూలుగుతుంటే, వాటన్నిటినీ ఒకే డిజిటల్ పటం మీదికి చేర్చి, పౌరుడు ఇంట్లో కూర్చుని పంపిన ప్లానును నిబంధనలతో సరిచూసి ఫోనుకే అనుమతి పంపే సేవను రూపొందించడానికి వారు ఏళ్ల తరబడి పోరాడారు. మొహాలు మాడ్చుకున్నవాళ్లు బయటెక్కడో లేరు, మాలోనే ఉన్నారు, ఎందుకు దాచాలి? ఎట్టకేలకు ఈ ఏడాది ఆరంభంలో ఆ సేవ మొదలైంది, వరండా ఖాళీ అయింది.

ఖాళీ అయిన ఆ వరండాలోకి ఒక రోజు ఒక దర్జీ ఆవిడ ఫోను పట్టుకుని వచ్చారు. "కోడలికి నెలలు నిండుతున్నాయని మేడ మీద ఒక గది వేసుకుందామనుకున్నాం మేడం. దరఖాస్తు ఇంట్లోంచే పెట్టుకోమన్నారు, పెట్టాను. అసలా స్థలమే లేదంటోంది ఈ ఫోను. మరి ఇన్నాళ్లూ మేం ఎక్కడున్నట్టు?"

మేడమ్ పాత షీట్లు తెప్పించారు. ఆవిడ సందు రెండింటి అంచున ఉంది. ఒక షీటు మీద 'పక్క షీటు చూడుము' అని ఉంది. పక్క షీటు మీదా అదే ఉంది. పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్న ఇద్దరు పాత ట్రేసర్లు, అవతలివాడు గీస్తాడులే అని మర్యాదకు పోయి, సందును ఇద్దరూ వదిలేశారు. కాగితాల కాలంలో గుమాస్తాలకు ఆ సందు ఎరుకే గనుక పని జరిగిపోయింది. యంత్రానికి ఆ ఎరుక ఎక్కడిది? సేవను వెంటనే నిలిపివేసి, షీట్ల అంచులన్నీ నడిచి సరిచూడాలని మేడమ్ పట్టుబట్టారు.

"సన్మానం పెట్టుకుని ఇప్పుడు ఆపేస్తానంటారేంటండీ? ఒక్క సందేగా, చేత్తో రాసిచ్చేద్దాం" అన్నారు కార్యాలయ అధిపతి.

"ఆ ఒక్కటీ మనకి తెలిసింది. తెలియనివెన్నో? చేత్తో రాయడం మొదలుపెడితే వరండా మళ్లీ నిండుతుందండీ."

ఇంట్లో భర్తగారు మరో మాట అన్నారట. "పోట్లాడి తెరిపించిందీ నువ్వే, మూయించేదీ నువ్వేనా? నువ్వొచ్చేశాక వాళ్లు మళ్లీ తెరవకపోతే?"

"నాకూ అదే భయంగా ఉందండీ" అన్నారట వారు. అయినా మర్నాడే సేవను ఆపించారు.

ఆ భయం ఉత్తది కాదు. సేవ ఆగిందని లోలోపల సంబరపడ్డవారు ఉన్నారు. పాత కౌంటరును దులిపించినవారూ ఉన్నారు. మేడమ్ మాత్రం కొలత పరికరాలతో కుర్ర సర్వేయర్లను వెంటబెట్టుకుని అంచులంట తిరిగారు. గోదాముల వెనక దారి ఒకటి, వంతెన కింద ఇళ్ల వరుస ఒకటి బయటపడ్డాయి. మధ్యాహ్నం తిరిగొచ్చి, టీ చల్లారిపోతున్నా నిలబడే, ఎక్కించిన ప్రతి కొలతనూ తెర మీద సరిచూశారు. "ఇంకెంత? ఇంకెంత?" అని అడిగి అడిగి మా ప్రాణాలు తోడేశారు. ఆ తోడేయడం వల్లే, నెలాఖరుకు ఇంకా రోజులుండగానే సేవ తిరిగి తెరుచుకుంది.

మొన్న సాయంత్రం వారి ఫోను మోగింది. దర్జీ ఆవిడ. "అనుమతి వచ్చేసింది మేడం. ఇంక నేను ఆఫీసుకి రానక్కర్లేదు కదండీ?"

"అక్కర్లేదమ్మా. ఇంక మీరూ రానక్కర్లేదు, నేనూ రానక్కర్లేదు" అని నవ్వబోయిన మేడమ్ కళ్లు తుడుచుకున్నారు. వారి కళ్లలో నీళ్లు చూడటం మాకదే మొదటిసారి.

మాన్యులైన మా మేడమ్ గారు భర్తగారితో, పిల్లలతో, మనుమలతో సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఏ పని కోసమూ ఈ కార్యాలయం మెట్లెక్కే అవసరం వారికి ఎన్నడూ రాకూడదనీ, ఏ పనీ లేకుండా మమ్మల్ని చూడటానికి మాత్రం తరచూ ఎక్కుతూ ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.